ఊపిరికి ఏటిగట్టు

"ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకొని బ్రతకవచ్చు" అని తెలుగునాట ఒక సామెత ఉన్నది. సిరిసంపదలు పోయినా తిరిగి సంపాదించుకోవచ్చు. ఊపిరి ఆగితే మరేదీ మిగలదని దాని భావం. ఆరోగ్యవంతుడైన మనిషి నిమిషానికి పన్నెండు మొదలు ఇరవై సార్ల వరకు శ్వాసిస్తాడు. ఆ సంగతి అతడు గమనించనే గమనించడు. ఉబ్బస వ్యాధి ఉన్నవానికి మాత్రం ఒక్కొక్క రాత్రి ప్రతి శ్వాసా ఒక ప్రయాసే. పడుకొంటే ఊపిరి అందదు. కూర్చుంటే నిద్ర పట్టదు. తెల్లవారుజాము కోసం ఎదురుచూస్తూ దిండును ఒడిలో పెట్టుకొని ముందుకు వంగి కూర్చున్న రోగులు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచమంతటా సుమారు 26 కోట్ల 20 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడ్డారు. ఆ ఒక్క సంవత్సరంలోనే సుమారు 4,55,000 మంది మరణించారు. ప్రపంచంలోని ఉబ్బస రోగులలో సుమారు 13 శాతం మంది భారతదేశంలో ఉన్నారు. అయితే ఈ వ్యాధి వల్ల కలిగే మరణాలలో మాత్రం 40 శాతానికి పైగా భారతదేశంలోనే సంభవిస్తున్నాయని అంచనా. రోగుల సంఖ్యకూ మరణాల సంఖ్యకూ ఇంతటి వ్యత్యాసం ఎందుకు ఏర్పడింది? మందు లేక కాదు. సమర్థమైన మందు వెలువడి అర్ధశతాబ్దం దాటింది. రోగాన్ని సకాలంలో గుర్తించకపోవడం, తగిన మందు అందకపోవడం, అందిన మందును విడవకుండా వాడకపోవడం – ఇవి ఆ వ్యత్యాసానికి ముఖ్య కారణాలు. వీటిలో మూడవది రోగి చేతిలోనూ, అతని కుటుంబం చేతిలోనూ ఉన్నది.

ఉబ్బసం కొత్త వ్యాధి కాదు. చరక సంహిత శ్వాసరోగాలను ఐదుగా విభజించి, వాటిలో ఒకదానిని తమక శ్వాసమని పేర్కొన్నది. అది నేటి ఉబ్బసానికి దగ్గరగా ఉంటుంది. మనం పీల్చిన గాలి వాయునాళం గుండా, చెట్టు కొమ్మలవలె చీలుతూ పోయే శ్వాసనాళికల ద్వారా ఊపిరితిత్తులలోని గాలిగదులను చేరుతుంది. ఉబ్బస రోగిలో ఈ నాళికల లోపలి పొర లోలోపల వాచి ఉంటుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, చల్లగాలి, జలుబు వంటివి తగిలినప్పుడు ఆ పొర మరింత ఉబ్బుతుంది. నాళికల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొంటాయి. చిక్కని శ్లేష్మం ఊరి దారిని పూడుస్తుంది. ఇరుకైన ఆ దారిలో గాలి వెడలేటప్పుడు వచ్చే ధ్వనినే పిల్లికూతలని అంటారు. ఆయాసం తగ్గినంత మాత్రాన వాపు తగ్గినట్లు కాదు. ఈ వ్యాధి విషయంలో మొట్టమొదట తెలుసుకోవలసిన సత్యం ఇదే.

దీనికి వాడే మందులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఉపశమన ఔషధం. 1969లో వాడుకలోకి వచ్చిన సాల్బ్యుటమాల్ ఈ కోవకు చెందినది. పీల్చిన కొద్ది నిమిషాలలో బిగుసుకొన్న కండరాలను సడలించి, నాలుగు మొదలు ఆరు గంటల వరకు హాయినిస్తుంది. కాని లోపలి వాపును అది ఏమాత్రం తగ్గించదు. రెండవది నియంత్రణ ఔషధం. 1972లో వెలువడిన బెక్లోమెథసోన్, ఆ తరువాత వచ్చిన బుడెసొనైడ్ మొదలైన పీల్చే స్టిరాయిడ్ మందులు ఈ తెగకు చెందినవి. ఇవి వాపును క్రమక్రమంగా అణచివేస్తాయి. పీల్చిన వెంటనే రోగికి ఏ తేడా తెలియదు. పూర్తి గుణం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది. మానివేసిన నాడు కూడా వెంటనే ఏ నష్టమూ తెలియదు. ఇంతటి నిశ్శబ్దంగా పనిచేయడమే ఈ మందు గుణం. రోగి దానిని తేలికగా మానివేయడానికీ అదే కారణం.

ఈ మందులను పీల్చే సాధనం వెనుక ఒక బాలిక ప్రశ్న ఉన్నది. 1955లో అమెరికాలోని రైకర్ అనే మందుల సంస్థ అధిపతి జార్జి మైసన్‌ను, ఉబ్బసంతో బాధపడుతున్న పదమూడేళ్ల కుమార్తె, "తలకు చల్లుకొనే పరిమళంలాగా నా మందును కూడా డబ్బాలో పెట్టి ఇవ్వలేరా?" అన్న భావంతో అడిగింది. ఆ ఆలోచన నుండి 1956లో నొక్కితే కొలత ప్రకారం మందు వెలువడే ఇన్‌హేలర్ పుట్టింది. అంతవరకు గాజు పరికరాలలో మందు నింపి, రబ్బరు బుడ్డితో చిమ్ముకొనే రోగులకు అది జేబులో ఇమిడే సాధనమయింది.

గోదావరి డెల్టాలో ఈ వ్యాధిని రేపే కారణాలు ఋతువులతోపాటు వస్తాయి. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ సీమను ధాన్యాగారంగా మార్చింది. సార్వా, దాళ్వా అని ఏటా రెండు వరిపంటలు పండుతాయి. కోతల కాలంలో నూర్పిళ్ల దుమ్ము, గడ్డి నలుసులు గాలిలో తేలుతాయి. ధాన్యం మిల్లుల వద్ద ఊక, తవుడు ఎగురుతాయి. కోనసీమలో కొబ్బరి పీచు తీసే చోట సన్నని ధూళి లేస్తుంది. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి బూజు పడుతుంది. తేమకు పరుపులలో, దిండ్లలో కంటికి కనిపించని సూక్ష్మమైన పురుగులు పెరుగుతాయి. పుష్యమాసంలో మంచు, భోగిమంటల పొగ తోడవుతాయి. ఈ విధంగా బాధ ఋతువును బట్టి హెచ్చుతూ తగ్గుతూ ఉండడంచేత, రోగమే ఋతువును బట్టి వచ్చి పోతున్నదని ప్రజలు భ్రమపడతారు. నిజానికి వచ్చి పోయేది ఆయాసం, ఉండిపోయేది రోగం.

అయితే అన్ని ఆయాసాలూ ఉబ్బసం కావు. గోదావరి జిల్లాలు చిరకాలంగా బోదకాలు వ్యాధికి నెలవులు. ఆ వ్యాధిని కలిగించే క్రిముల వల్ల కొందరిలో రాత్రివేళ పొడిదగ్గు, పిల్లికూతలు వచ్చి అచ్చం ఉబ్బసంవలె కనిపిస్తాయి. దీనిని జనవ్యవహారంలో ఇస్నోఫీలియా అంటారు. దీనికి వాడే డైఇథైల్ కార్బమజీన్ అనే మందును 1947లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువరించిన పరిశోధక బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బోదకాలు నిర్మూలనకై 2004 నుండి దేశంలోని వ్యాధిపీడిత జిల్లాలలో ఏటా ఈ మాత్రలను పంచే కార్యక్రమం చేపట్టారు. పంచిన మాత్రలన్నీ కడుపులోకి పోవని గ్రహించినందువల్లనే, ఆరోగ్య కార్యకర్తలు తమ ఎదుటనే వాటిని మింగించాలని నియమం పెట్టారు. మందు ఇంటికి చేరడం వేరు, ఒంటికి చేరడం వేరు అనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం లేదు. కాబట్టి ఏ ఆయాసమైనా వైద్యుడు పరీక్షించి, శ్వాస సామర్థ్యాన్ని కొలిచి, రోగమేదో నిర్ణయించిన తరువాతనే దీర్ఘకాలపు మందు మొదలుపెట్టాలి.

రోగనిర్ణయం జరిగిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. కోనసీమలోని ఒక పల్లెలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థిని ఊహించుకోవచ్చు. సార్వా కోతలనాడు ఆయాసం ముంచుకొచ్చి ఆసుపత్రికి వెళ్తాడు. వైద్యుడు రెండు ఇన్‌హేలర్లు ఇచ్చి, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు, రెండవది రోజూ రెండు పూటలా వాడమంటాడు. నెల తిరిగేసరికి హాయిగా ఉంటుంది. "తగ్గిపోయింది గదా, ఇంకా ఎందుకు?" అని ఇంట్లోవారు అంటారు. రోజూ వాడవలసినది పెట్టెలోకి పోతుంది. జేబులో మిగిలేది తక్షణం హాయినిచ్చేది మాత్రమే. మాఘం గడుస్తుంది. మార్చి నెలలో పరీక్షల ముందు జలుబు చేస్తుంది. జేబులోని మందు మొదట నాలుగు గంటలు, తరువాత రెండు గంటలు, ఆ తరువాత అరగంట మాత్రమే పనిచేస్తుంది. ఏడాదిపాటు చదివిన చదువు ఆసుపత్రి మంచం మీద నిలిచిపోతుంది. ఏరు దాటి తెప్ప తగలేసినవానికి ముందు మరొక ఏరు ఎదురైతే ఏమవుతుందో ఈ విద్యార్థికీ అదే అవుతుంది.

ఈ అలవాటు పల్లెలకో, చదువు లేనివారికో పరిమితమైనది కాదు. దీర్ఘవ్యాధులకు మందులు వాడేవారిలో సంపన్న దేశాలలో సైతం సగటున సగం మందే నియమం ప్రకారం వాడుతున్నారని, పేద దేశాలలో ఇంకా తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో తన నివేదికలో వెల్లడించింది. 1996లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఉబ్బసమున్న పిల్లల ఇన్‌హేలర్లకు లెక్క నమోదు చేసే యంత్రాలను అమర్చారు. దినచర్య పుస్తకాలలో పిల్లలు రాసుకొన్న లెక్క ప్రకారం నియంత్రణ ఔషధం సుమారు 95 శాతం మేరకు వాడారు. యంత్రం చూపిన లెక్క 58 శాతం మాత్రమే. వారంతా అబద్ధమాడారని దీని అర్థం కాదు. వాడవలసినదంతా వాడినట్లే మనిషికి అనిపిస్తుంది. విడిచిన పూటలు జ్ఞాపకముండవు.

విడిచిన పూటల వెల ఎంతో 2000 సంవత్సరంలో ప్రకటితమైన మరొక పరిశోధన తెలిపింది. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో ముప్పై వేల మందికి పైగా ఉబ్బస రోగుల వివరాలను పరిశీలించగా, ఒక ఏడాదిలో పీల్చే స్టిరాయిడ్ డబ్బా అదనంగా ఒక్కొక్కటి వాడినకొద్దీ మరణ ప్రమాదం 21 శాతం చొప్పున తగ్గినట్లు తేలింది. మానివేసిన తరువాతి మూడు నెలలలో, వాడుతున్నవారికంటె మానివేసినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి. అంటే పెట్టెలో పెట్టి మూసిన డబ్బా వృథా అయిన డబ్బు మాత్రమే కాదు, పోగొట్టుకొన్న రక్షణ కూడా.

మానివేయడానికి ప్రజలు చెప్పే కారణాలు అనేకం. పీల్చే మందు మొదలుపెడితే అలవాటై జీవితాంతం వదలదని కొందరి భయం. నిజానికి ఆ మందు వ్యసనాన్ని కలిగించదు. దీర్ఘకాలం ఉండేది రోగం కాబట్టి మందు కూడా దీర్ఘకాలం కావలసి వస్తుంది. స్టిరాయిడ్ అన్న పేరు వినగానే మరికొందరు బెదురుతారు. స్టిరాయిడ్ మాత్రలు దీర్ఘకాలం వాడితే ఎముకలు బలహీనపడడం, ముఖం ఉబ్బడం, రక్తంలో చక్కెర పెరగడం నిజమే. పీల్చే మందు సూటిగా శ్వాసనాళికలకే చేరుతుంది కనుక చాలా స్వల్ప పరిమాణం సరిపోతుంది. ఉపశమన ఔషధాన్నే ఉదాహరణగా తీసుకొంటే ఈ తేడా బోధపడుతుంది. సాల్బ్యుటమాల్ మాత్ర ఒక్కటి నాలుగు మిల్లీగ్రాములు, అనగా నాలుగు వేల మైక్రోగ్రాములు. ఇన్‌హేలర్ నుండి ఒకసారి వెలువడేది నూరు మైక్రోగ్రాములు. ఒక్క మాత్ర నలభై పీల్పులకు సమానం. విచిత్రమేమంటే, మాత్ర తేలికైనదని, ఇన్‌హేలర్ బలమైనదని లోకంలో నమ్మకం.

నలుగురిలో పీల్చడానికి సిగ్గుపడేవారు ఉన్నారు. ఆడపిల్లకు ఉబ్బసమని తెలిస్తే సంబంధాలు కుదరవని జబ్బును దాచే తల్లిదండ్రులూ కద్దు. దాచిన జబ్బుకు మందు కూడా చాటుగానే వాడవలసి వస్తుంది. చాటుగా చేసే పని నియమంగా సాగదు. ఇక పేద కుటుంబాలలో నెలనెలా మందు కొనడం భారమే. ఊపిరి ఆడనినాడు అప్పు చేసైనా మందు కొంటారు. హాయిగా ఉన్ననాడు ఆ డబ్బు బియ్యానికో, ఫీజుకో పోతుంది. ఈ నియంత్రణ ఔషధాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. భారతదేశపు జాతీయ పట్టికలోనూ ఇవి ఉన్నాయి. పట్టికలో ఉన్న మందు పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో కూడా ఎడతెగక లభించినప్పుడే రోగిని నియమం పాటించమని అడగడం న్యాయమవుతుంది.

తెలుగువారికి నియమమంటే తెలియదనడానికి వీలులేదు. హైదరాబాదులో బత్తిన కుటుంబంవారు ఏటా మృగశిర కార్తె ప్రవేశించే వేళ, జూన్ మాసారంభంలో కొరమీను పిల్ల నోట మందు ఉంచి ఉబ్బస రోగులచేత మింగిస్తారు. 1845 నుండి ఈ ఆచారం ఉన్నదని ఆ కుటుంబం చెబుతుంది. వరుసగా మూడేళ్లు మందు తీసికొని, ప్రతిసారి నలభై అయిదు రోజులు పథ్యం పాటించాలని నియమం. ఆ మందు ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయ పరీక్షలలో నిరూపణ కాలేదు. అయినా రాష్ట్రాలు దాటి వచ్చి, గంటల తరబడి వరుసలలో నిలిచి, ఇంటికి వెళ్లి నలభై అయిదు రోజులు ఫలానా కూర తినక, ఫలానా పులుసు ముట్టక ఉండేవారు వేలమంది. ఆ నిష్ఠను చిన్నచూపు చూడరాదు. పథ్యానికి చూపే ఆ పట్టుదలలో సగం రోజూ పీల్చవలసిన మందుపై చూపితే, ఎన్నో కుటుంబాలకు రాత్రులు ప్రశాంతంగా గడుస్తాయి.

డెల్టా ప్రజలకు ఈ విషయాన్ని బోధించడానికి వేరే పాఠం అక్కరలేదు. గోదావరి ఏటిగట్లే చాలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద నీరు ప్రవహించి, గట్లు తెగి, ఊళ్లూ చేలూ మునిగిపోయాయి. ఆ తరువాత గట్లను ఎత్తు చేసి బలపరచారు. గట్టును బలపరచేది వరదనాడు కాదు. నది పాయలలో ఇసుక తిన్నెలు బయటపడే ఎండాకాలంలో. ఆ రోజులలో గట్టును చూసి, "నీళ్లే లేవు గదా, ఇంత మట్టి ఎందుకు?" అని డెల్టా రైతు అనడు. ఉపశమన ఔషధం వరదనాడు వేసే ఇసుక బస్తా. నియంత్రణ ఔషధం వేసవిలో వేసే గట్టు. ఇసుక బస్తా లేకుంటే ఆ పూట గడవదు. ఇసుక బస్తాలనే నమ్ముకొంటే ఊరు నిలవదు.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఉబ్బస రోగికి కూడా ఇటువంటి మూడు హెచ్చరికలు ఉన్నాయి. వారంలో రెండుసార్లకు మించి ఉపశమన ఔషధం కావలసి రావడం, ఆటలలో త్వరగా ఆయాసపడడం మొదటి హెచ్చరిక. అప్పుడు రోజువారీ మందు సరిగా వాడుతున్నదీ లేనిదీ చూసుకొని వైద్యుని కలవాలి. ప్రతిరోజూ ఆ మందు అవసరం కావడం, రాత్రివేళ దగ్గుతో, ఆయాసంతో మెలకువ రావడం రెండవ హెచ్చరిక. ఆలస్యం చేయక ఆనాడే వైద్యుని చూడాలి. ఒక వాక్యం ఆపకుండా పలకలేకపోవడం, పెదవులు నీలివర్ణానికి తిరగడం, మందు పీల్చినా గుణం లేకపోవడం మూడవ హెచ్చరిక. అప్పుడు 108 వాహనాన్ని పిలిచి ఆసుపత్రికి చేర్చడమే కర్తవ్యం. పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టంలోకి బలంగా ఊది, వచ్చిన అంకెను రాసుకొనే అలవాటు ఉంటే, వరద కొలబద్దవలె అది ముందుగానే ప్రమాదాన్ని తెలుపుతుంది.

రోగుల ఈ బలహీనతను వైద్యశాస్త్రం కూడా గుర్తించింది. పెద్దలకు, కౌమార వయస్కులకు ఉపశమన ఔషధాన్ని ఒంటరిగా ఇవ్వడం తగదని, దానితోపాటు పీల్చే స్టిరాయిడ్ కూడా అందేటట్లు చూడాలని ఉబ్బస చికిత్సకు మార్గదర్శకాలు రూపొందించే 'గినా' అనే అంతర్జాతీయ సంస్థ 2019లో సూచించింది. ఒకే డబ్బాలో రెండు మందులూ కలిసి ఉన్న ఇన్‌హేలర్లు ఇందుకు ఉపయోగపడుతున్నాయి. ఎవరికి ఏది తగునో నిర్ణయించవలసినది వైద్యుడే. వ్యాధి రెండు మూడు నెలలు పూర్తిగా అదుపులో ఉంటే, మందు మోతాదును మెల్లగా తగ్గించేదీ వైద్యుడే. తగ్గించడం వేరు, చెప్పకుండా మానివేయడం వేరు.

నియమం నిలవడానికి చిన్న ఉపాయాలు తోడ్పడతాయి. పళ్లు తోముకొనే కుంచె పక్కనే ఇన్‌హేలర్ ఉంచితే రెండు పూటలా కంటబడుతుంది. మందు పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మివేయవలసి ఉంటుంది కనుక ఈ రెండు పనులూ జతపడతాయి. డబ్బాను బాగా ఊపి, ఊపిరిని పూర్తిగా విడిచి, నొక్కుతూ నిదానంగా లోపలికి పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టడం సరైన పద్ధతి. పద్ధతి తప్పితే మందు గొంతులోనే ఆగిపోతుంది. రోజూ వాడినా వాడనట్లే అవుతుంది. స్పేసర్ అనే గొట్టాన్ని జతచేస్తే పిల్లలకు, వృద్ధులకు సులభం.

లెక్క చూసుకోవడం అన్నిటికంటె తేలిక. రెండు వందల పీల్పుల డబ్బాను రోజుకు నాలుగు చొప్పున వాడితే యాభై రోజులు వస్తుంది. ఆ లెక్కన ఏడాదికి ఏడు డబ్బాలకు పైగా కావాలి. ఇంట్లో ఏడాదికి రెండే డబ్బాలు ఖాళీ అయితే, నాలుగింట ఒక వంతుకు కొంచెం ఎక్కువ మందు మాత్రమే లోపలికి పోయినట్లు. మొదలుపెట్టిన తేదీని డబ్బా మీద రాసుకొంటే చాలు, ఈ సత్యం దాగదు. ఇది రోగిని నిందించడానికి చేసే లెక్క కాదు. తల్లి అయినా, తమ్ముడైనా, గదిలో కలిసి ఉండే స్నేహితుడైనా "ఈ పూట పీల్చావా?" అని అడగడానికి ఒక ఆధారం.

ఉబ్బసమున్నవారు చదువులో, ఆటలో, వృత్తిలో ఎవరికీ తీసిపోనవసరం లేదు. వ్యాధి అదుపులో ఉంటే సార్వా కోతలకూ వెళ్లవచ్చు, పరుగుపందెంలోనూ నిలవవచ్చు, పరీక్షహాలులో మూడు గంటలు నిశ్చింతగా కూర్చోవచ్చు. అందుకు కావలసినది రోజుకు రెండు నిమిషాల నియమం. ఆయాసం లేని రోజున పీల్చిన మందే ఆయాసం రానున్న రోజును ఆపుతుంది. గోదావరి నిండుగా, నెమ్మదిగా పారుతున్న రోజున కూడా ఏటిగట్టు తన పని చేస్తూనే ఉంటుంది.